మూడు లీటర్ల సలహా

పొద్దున్న ఆరు కావస్తోంది. కోడలు బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, తలని హ్యాంగర్ల మధ్యకి దూర్చి, ఫోనులో మాట్లాడుతోంది. కొత్తవాళ్ళెవరైనా చూస్తే పాపం ఈవిడకేదో అయిందనుకుంటారు. అయిందేమీ లేదు. బట్టల మధ్య నిలబడి మాట్లాడితే గొంతు గదిలో మోగకుండా శుభ్రంగా రికార్డవుతుందని కాలేజీలో చదివే కూతురు కనిపెట్టింది. అప్పట్నుంచీ రోజూ ఈ వేళకి బీరువాతో ముచ్చట్లు తప్పడం లేదు.

ఆమె ప్రకృతి వైద్యురాలు. పదిహేనేళ్ళుగా వీధివైపు గదిలో మనుషుల్ని చూస్తోంది. తిండి, నిద్ర, నడక, ఊపిరి, వీటితోనే ఆమె వైద్యమంతా. పొద్దున్నే ఒక సలహా రికార్డు చేసి పంపితే ఫోన్లలో అయిదు వేల మంది వింటారు. వాళ్ళందరికీ ఆమె 'మేడం'. అత్తగారికి మాత్రం 'గోరువెచ్చని డాక్టరు'. ఎవరొచ్చి ఏ బాధ చెప్పుకున్నా కోడలి నోట మొదట వచ్చేది గోరువెచ్చని నీళ్ళ మాటేనని ఆవిడ వెక్కిరింత.

"మెడ పట్టేసిందని బలవంతంగా తిప్పేయకండి. అది మీ మెడే, పక్కింటివాళ్ళది కాదు, కాస్త మర్యాదగా చూసుకోండి," అని ఆమె అంటుండగా గోడకి అవతల్నుంచి దగ్గు వినిపించింది. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ దగ్గు. మూడోసారి కూడా అదే వరస అయ్యేసరికి ఫోను బట్టల మీద పడేసి అవతలి గదిలోకి వెళ్ళింది.

అత్తగారు మంచం మీద కూర్చునే ఉంది. వెనకాల మూడు దిళ్ళు. పది రోజుల క్రితం రెండే ఉండేవి, అంతకుముందు ఒకటి. కోడలి కంటికి ఇలాంటివి ఇట్టే ఆనుతాయి. మనిషి గుమ్మంలో చెప్పులు విప్పే తీరు చూసి నడుం నొప్పో మోకాలి నొప్పో చెప్పేయగలదు. చూపు దిళ్ళ మీంచి కిందకి దిగింది. అత్తగారు చటుక్కున పాదాలు రెండూ దుప్పట్లోకి లాక్కుంది.

"రాత్రంతా దగ్గారా అత్తయ్యా?"

"దగ్గితే ఏం? నీ రికార్డింగులో పడిందా?"

"అది కాదు. కాళ్ళు ఒకసారి చూపించండి."

"నా కాళ్ళకేం? నిక్షేపంలా ఉన్నాయి."

"మరి పాత చెప్పులు పట్టక మీ అబ్బాయి చెప్పులేసుకుని తిరుగుతున్నారెందుకు?"

"వదులుగా ఉంటే హాయిగా ఉంటుందని. అందుకు కూడా నీ అనుమతి కావాలా? చూడమ్మాయ్, నేను నీ పేషెంటుని కాను, అత్తగార్ని. వెళ్ళి నీ మెడల సంగతి చూసుకో."

ఆ మాటకి తిరుగులేదు. ముప్పై ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజీలో చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని పనిచేసిన మనిషి. ఎవరి మాట ఎక్కడ తెంపేయాలో ఆవిడకి బాగా తెలుసు.

నాలుగేళ్ళ క్రితం ఇలా ఉండేది కాదు. అప్పుడు అత్తగారికి మోకాళ్ళ నొప్పులొస్తే కోడలు నడుం బిగించింది. ఫ్రిజ్ మీద పట్టిక అంటించింది. బిస్కెట్లు లెక్కపెట్టింది. ఎన్ని అడుగులు నడిచారు, ఎంతసేపు కూర్చున్నారు అని పూటపూటకీ నిలదీసింది. నెల తిరగకుండానే అత్తగారికి చిర్రెత్తుకొచ్చి ఆ పట్టిక చింపి, తన ఒంటి గురించి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని తేల్చి చెప్పేసింది. అప్పట్నుంచీ సెలవురోజున తల్లీ కొడుకూ బజారుకని చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తుంటారు. బజారుకెళ్ళినవాళ్ళు ఉత్త చేతులతో తిరిగొస్తే ఆమాత్రం తెలియదా? తెలిసీ కోడలు తెలియనట్టే ఉంటోంది. కానీ లోపల ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. ఊరందరి నాడీ పట్టుకునే చెయ్యి ఇంట్లో మనిషికి పనికిరాకుండా పోయింది కదా అని. ఆ మధ్య ఉండబట్టలేక ఒక పూట కాళ్ళ వాపు గురించే రికార్డు చేసి పంపేసింది కూడా. అలాగైనా కడుపుబ్బరం తీరుతుందని.

ఆమె తిరిగొచ్చేసరికి కూతురు బీరువా ముందు నిలబడి, చెవుల్లో వైర్లు పెట్టుకుని కత్తిరింపుల పనిలో ఉంది.

"దగ్గులన్నీ తీసేశానమ్మా. అయినా ఎక్కువే వచ్చింది. చివర్లో అది కూడా ఎత్తేస్తున్నా."

"ఏది?"

"రోజూ చెప్పేదే."

"సరే, కానివ్వు," అంది కోడలు. ధ్యాసంతా గోడ అవతలే ఉంది.

హాల్లో భర్త బూట్లు తొడుక్కుంటున్నాడు. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని ఆయనది. దుమ్మంత గీత ఉన్నా పట్టుకుంటాడు గానీ ఇంట్లో మనుషుల మొహాల వైపు చూడ్డానికి జంకుతాడు. "ఏవండీ, అత్తయ్య ఆయాసపడుతున్నారు, మీరేమైనా గమనించారా?" అని ఆమె అడిగితే ఆయన బూటు ముడి విప్పి మళ్ళీ వేశాడు.

"చలిగాలికేమోలే. పొద్దున్నే మొదలుపెట్టకండి మీరిద్దరూ," అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

తొమ్మిదింటికి వీధిగది తలుపులు తెరిచింది. ఆ పూట మొదటి మనిషి బస్సు కండక్టరు. కడుపులో మంట, వేళకి తిండి లేకపోవడం, రోజంతా నిలబడే ఉద్యోగం. ఆమె మామూలుగా అయితే ఎదుటి మనిషి చెప్పేది కన్నార్పకుండా వింటుంది. ఇవాళ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది. రెండుసార్లు లేచి లోపలి గుమ్మం దాకా వెళ్ళి, చెవి పెట్టి విని వచ్చింది. పెరట్లో నీళ్ళ చప్పుడు. అత్తగారు బట్టలు జాడిస్తున్నట్టుంది. వద్దంటే వినే మనిషి కాదు.

"మేడం, మా బావమరిదికి కూడా అచ్చం ఇదే బాధ. పనిలో పనిగా వాడికీ చెప్పేయండి, ఫోను చేసి చెబుతాను," అన్నాడు కండక్టరు.

"మనిషిని చూడకుండా నేను చెప్పనండీ. ఒకరికి పనికొచ్చింది ఇంకొకరికి చెరుపు చేయొచ్చు. ఆయన్ని తీసుకురండి."

"అదేంటి మేడం, రోజూ పొద్దున్న వేలమందికి చూడకుండానే చెబుతున్నారుగా?"

ఆయన నవ్వుతూనే అన్నాడు. వెటకారమేమీ లేదు. అయినా ఆమెకి చెంప మీద చరిచినట్టయింది. "అది వేరేనండీ," అంది. ఎలా వేరో చెప్పబోయి ఆపి, కాగితం మీద ఆయన తినే వేళలు రాయడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే పెరట్లో బకెట్టు దభీమని పడిన చప్పుడు వినిపించింది.

ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. అత్తగారు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటోంది. పెదాలు నీలంగా మారాయి. ఉడకబెట్టిన ఆలుగడ్డల్లా ఉబ్బిన పాదాలు తడి గచ్చు మీద నిలవడం లేదు. కోడలు ఒడిసి పట్టుకోగానే ఆవిడ ఆ చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. నాలుగేళ్ళలో అత్తగారు తనంతట తాను ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

"ఊపిరి... అందట్లేదే."

"మాట్లాడకండి. నా మీదకి వాలండి. నేనున్నాను."

గోరువెచ్చని నీళ్ళకీ, ఊపిరి కసరత్తులకీ ఇది లొంగే సంగతి కాదని చూడగానే తెలిసిపోయింది ఆమెకి. కండక్టరు రోడ్డు మీదకి పరిగెత్తి కారు ఆపాడు. తనే ఒకవైపు పట్టి పెద్దావిడని ఎక్కించాడు. ఆసుపత్రి చేరేదాకా కోడలు అత్తగారి వీపుని తన గుండెకి ఆనించి నిలువుగా కూర్చోబెట్టుకుంది. పడుకోబెడితే ఊపిరి ఇంకా బిగుసుకుపోతోంది.

ఆసుపత్రిలో ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు, ఇంజక్షన్లు ఇచ్చారు, తెర లాగేశారు. ఆమె వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. కూర్చోమని నర్సు రెండుసార్లు చెప్పింది. కూర్చుంది, లేచింది. షాపు నుంచి భర్త ఆయాసపడుతూ వచ్చాడు. చొక్కా మీద అద్దాల పొడి తెల్లగా అలాగే ఉంది. గంట తర్వాత డాక్టరు బయటికొచ్చి, భర్తని చూసి గుర్తుపట్టింది. చిన్న వయసే, కానీ మాట నిదానం.

"ప్రస్తుతానికి గండం తప్పినట్టే. ఒంట్లో నీరు నిండిపోయి ఊపిరితిత్తుల్లోకి చేరింది. బలహీనమైన గుండె అంత నీటిని లాగలేదు. ఆవిడ రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతున్నారు?"

"లీటరున్నరేనండీ," అన్నాడు భర్త. "మీరు చెప్పినట్టే."

"ఆరు నెలల క్రితమే చెప్పాం కదా దాటొద్దని. ఈ మనిషి అందుకు రెట్టింపు తాగినట్టుంది. కనుక్కోండి," అని డాక్టరు వెళ్ళిపోయింది.

ఆరు నెలలు. బలహీనమైన గుండె. ఆ మాటలు ఇంటి గోడలకి తెలుసు, కొడుకుకి తెలుసు. కోడలికి మాత్రం తెలియవు.

"గుండె జబ్బా?" అంది భర్త వైపు తిరిగి. "ఆరు నెలల్నుంచీ?"

ఆయన చొక్కా మీది పొడి దులుపుకున్నాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు మళ్ళీ పట్టికలు అంటిస్తావు. ఆవిడ మళ్ళీ చింపుతుంది. మీ ఇద్దరి మధ్య నలిగిపోవడం నా వల్ల కాలేదు."

"ఒకింట్లో ఉంటున్నాం. వంట చేసేది నేను. ఉప్పు వేసేది నేను. ఆవిడకి ఏం పనికిరాదో నాకే తెలియకుండా ఆరు నెలలు ఎలా నెట్టుకొచ్చారండీ?"

"ఉప్పు నేనే తగ్గించమన్నాను కదా, నాకు బీపీ ఉందని."

"ఓహో. అది కూడా అబద్ధమేనా?"

ఆయనకి ఉక్రోషం వచ్చింది. సాధారణంగా గొంతు లేవని మనిషి గొంతు పెంచాడు. "అబద్ధమే. ఏం చేయమంటావు? డాక్టరు దగ్గరికెళ్ళామంటే నువ్వు నాలుగు రోజులు మాట్లాడవు. నీ వైద్యం మీద మాకు నమ్మకం లేనట్టు మొహం పెడతావు. నీళ్ళు తక్కువ తాగమన్నారని చెబితే ఊరుకునేదానివా? ఊరందరికీ మూడు లీటర్లు తాగమని చెప్పే మనిషివి!"

వరండాలో నలుగురూ తిరిగి చూశారు. ఆమెకి కోపం వచ్చింది. ఆయన అన్నదాంట్లో సగం నిజముందనీ తెలుసు.

అంతలో కూతురు వచ్చింది. కాలేజీలో ఉన్నదాన్ని ఫోను చేసి, నానమ్మకి మార్చుకునే బట్టలు తెమ్మని ఇంటికి పంపారు. సంచీ ఒక భుజాన వేలాడుతోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వస్తూనే సంచీలోంచి రెండు పెద్ద నీళ్ళ సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒక్కోటి లీటరున్నర పట్టేవి. వాటి చుట్టూ వరసగా రబ్బరుబ్యాండ్లు తొడిగి ఉన్నాయి, ఏ వేళకి ఎంతవరకు తాగాలో గుర్తుగా.

"నానమ్మ మంచం కింద ఉన్నాయి," అంది. తర్వాత నానమ్మ ఫోను తీసింది. "ఇది కూడా చూడమ్మా."

ఆ ఫోనులో కోడలి రికార్డింగులన్నీ ఉన్నాయి. రెండేళ్ళవి. ఒక్కటి కూడా చెరపలేదు. వాటిలో ఒకదానికి చుక్క గుర్తు పెట్టుకుంది పెద్దావిడ. ఇరవై రోజుల క్రితంది. కాళ్ళ వాపుల గురించి చెప్పినది.

"నా రికార్డింగులా?" అంది ఆమె నమ్మలేక. "అత్తయ్య వింటారా?"

"రోజూ వింటుందట. పక్కింటి ఆంటీ చెప్పింది, పొద్దున్న పెరట్లో చెవుల్లో పెట్టుకుని కూర్చుంటుందట. నాకూ తెలియదమ్మా, ఒట్టు."

గోరువెచ్చని డాక్టరంటూ వెక్కిరించే మనిషి. నేను నీ పేషెంటుని కాను అన్న మనిషి. కోడలు వైర్లు చెవిలో పెట్టుకుని ఆ చుక్క గుర్తున్నదాన్ని నొక్కింది. తన గొంతే. ఎంత నిబ్బరంగా ఉందో ఆ గొంతు.

"సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నాయా? వేలితో నొక్కితే గుంట పడుతోందా? భయపడి నీళ్ళు మానేయకండి. ఒంటికి నీళ్ళు చాలకపోతేనే ఒళ్ళు ఉన్న నీటిని పట్టుకుని కూర్చుంటుంది. రోజుకి మూడు లీటర్లు, వేళ తప్పకుండా, కొంచెం కొంచెంగా తాగండి. పది రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది."

అక్కడితో అయిపోయింది. ఆమె మళ్ళీ విన్నది. అక్కడితోనే అయిపోయింది.

"దీని చివర ఒక మాట ఉండాలి," అంది. "గుండె, కిడ్నీల జబ్బులున్నవాళ్ళు, మాత్రలు వాడేవాళ్ళు మీ డాక్టర్ని అడగకుండా ఇవేవీ మొదలుపెట్టొద్దని. నేను చెప్పాను. రోజూ చెబుతాను."

కూతురు మొహం పాలిపోయింది. "నేనే తీసేశానమ్మా. రోజూ అదే మాట కదా, అక్కడికొచ్చేసరికి అందరూ ఆపేస్తున్నారు. రెండు నెలల్నుంచీ తీసేస్తున్నా. నిన్ను అడిగే..." రెండు చేతులతో మొహం కప్పుకుని గోడవైపు తిరిగిపోయింది. "నావల్లే అయింది. నానమ్మకి నావల్లే ఇలా అయింది."

కోడలు లేచి ఆ పిల్లని దగ్గరికి లాక్కుంది. "నువ్వు అడిగావు. నేను సరే అన్నాను. ఇవాళ పొద్దున్న కూడా ఏది అని అడిగి, విననైనా వినకుండా సరే అన్నాను. ఇది నీది కాదు, నాదే."

తప్పు ఇంకా వెనక్కి ఉందని ఆమెకి తెలుసు. ఆ రికార్డింగు అయిదు వేల మంది కోసం చేసింది కాదు. అత్తగారి పాదాలు తలుచుకుని చేసింది. ఇంట్లో అడగనివ్వలేదన్న ఉక్రోషంతో, ఆ పాదాలు పట్టి చూడకుండా, నొక్కి చూడకుండా, ఆవిడ వేసుకునే మాత్రలేమిటో తెలుసుకోకుండా బీరువాలో తల పెట్టి చెప్పేసింది. కండక్టరుకి గొప్పగా చెప్పిన నియమాన్ని తనింట్లో తనే తప్పింది. వాపు వచ్చింది కాబట్టి నీళ్ళు తాగమంది. నీళ్ళు తాగింది కాబట్టి వాపు పెరిగింది. పెరిగేకొద్దీ ఆవిడ ఇంకా శ్రద్ధగా, రబ్బరుబ్యాండ్ల ప్రకారం తాగింది. కోడలు అక్కడే బెంచీ మీద కూలబడి, చుట్టూ ఎవరున్నారో చూసుకోకుండా ఏడ్చేసింది.

భర్త చాలాసేపు దూరంగా నిలబడ్డాడు. తర్వాత వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నేను చెప్పి ఉంటే నువ్వు ఆ మాట అనేదానివి కాదు," అన్నాడు మెల్లగా. "గుండె సంగతి తెలిస్తే చచ్చినా అనవు. నాకు తెలుసు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని దాచాను. పిరికితనం, అంతే."

"నాకు చెప్పాలంటే మీకు భయమేసేలా ఉన్నాను కదండీ నేను," అంది ఆమె. ఆయన ఆమె చేతిలో జేబురుమాలు పెట్టాడు. దానికీ అద్దాల పొడి అంటుకుని ఉంది. తుడుచుకుంటే కళ్ళు ఇంకా మండాయి.

మర్నాడు పొద్దున్న ఆరింటికి బీరువా లేదు, చుట్టూ బట్టలూ లేవు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ చప్పుళ్ళ మధ్యే రికార్డు చేసింది. ఇరవై రోజుల క్రితం కాళ్ళ వాపు గురించి తాను చెప్పింది అందరికీ వర్తించదని, కొందరికి ప్రాణం మీదకి తెస్తుందని, వాపు ఎందుకొచ్చిందో డాక్టరు చూడకుండా నీళ్ళు పెంచడం తప్పని చెప్పింది. "చివర చెప్పాల్సిన జాగ్రత్త మేము తీసేశాం. దాన్ని నమ్మి మా ఇంట్లో పెద్దావిడే ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నారు. తప్పు నాది. కాళ్ళు ఉబ్బినవాళ్ళు, ఆయాసం ఉన్నవాళ్ళు ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇకమీదట జాగ్రత్త మాట మొదట చెబుతాను, సలహా తర్వాత." కూతురు ఒక్క ముక్క కూడా కత్తిరించకుండా పంపించింది.

గంటలోపే ఫోను మోత మొదలైంది. నమ్ముకుంటే ఇలా చేశారేమిటని తిట్టినవాళ్ళున్నారు. ఫోను గ్రూపులోంచి వెళ్ళిపోయినవాళ్ళు వందల్లో ఉన్నారు. ఒకావిడ మాత్రం తన కాళ్ళూ ఉబ్బుతున్నాయని, ఇప్పుడే డాక్టరు దగ్గరికి బయల్దేరానని చెప్పింది. ఆమె అన్నీ విన్నది, ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఎనిమిదింటికి లోపలికి రానిస్తామన్నారు. అంతవరకూ మెట్లెక్కి దిగుతూనే ఉంది. ఏం మొహం పెట్టుకుని వెళ్ళాలో, మొదటి మాట ఏమనాలో తెలియడం లేదు.

వెళ్ళేసరికి అత్తగారు దిళ్ళకి ఆనుకుని కూర్చుని ఉంది. ముక్కుకున్న గొట్టం తీసేశారు. మొహంలో రంగు తిరిగింది. మనవరాలు ఎప్పుడిచ్చిందో, ఫోను ఒళ్ళోనే ఉంది.

"విన్నాలే," అంది, కోడలు నోరు తెరిచేలోపే. "నా సంగతి లోకమంతా చాటేశావుగా."

"పేరు చెప్పలేదత్తయ్యా."

"మా ఇంట్లో పెద్దావిడ అన్నావు. అంత పెద్దదానిలా కనిపిస్తున్నానా నీ కంటికి?"

కోడలు నవ్వబోయింది. నవ్వు రాలేదు. మంచం పక్కన నిలబడే, "నన్ను క్షమించండత్తయ్యా," అంది. "మిమ్మల్ని చూడకుండా, అడక్కుండా చెప్పాను. మీరు వింటారని కలలో కూడా అనుకోలేదు."

"నేను వింటున్నానని తెలిసే చెప్పావనుకున్నాను. పాదాలు ఉబ్బుతున్నాయా, నొక్కితే గుంట పడుతోందా అని అడిగావు. అచ్చం నాకున్నట్టే. నాకోసమే చెబుతోంది, మొహం మీద చెబితే అరుస్తానని ఇలా చెబుతోంది అనుకున్నాను."

"మీకోసమే అత్తయ్యా. మిమ్మల్ని తలుచుకునే చెప్పాను. అదే నా బాధ."

అత్తగారు దుప్పటి అంచు సరిచేసుకుంది.

"డాక్టరు లీటరున్నర అంది. నువ్వు మూడన్నావు. ఆవిడ నన్ను నాలుగు నిమిషాలు చూసింది. నువ్వు ఇరవై ఏళ్ళుగా చూస్తున్నావు. ఎవరి మాట వినమంటావు?"

అంత నమ్మకం. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి నోటితో చెప్పని నమ్మకం. చెప్పి ఉంటే తాను ఎగిరి గంతేసేది. చెప్పకపోబట్టి ప్రాణం మీదకి వచ్చింది. కోడలికి కన్నీళ్ళు ఆగలేదు.

"మరి ఇంట్లో నన్ను దగ్గరికి రానివ్వలేదేం అత్తయ్యా? రికార్డింగులు మాత్రం దొంగచాటుగా విన్నారు."

"ముప్పై ఏళ్ళు గొంతులు విన్న చెవులే నావి. ఎవరు ఊరికే అడుగుతున్నారో, ఎవరు మనసుతో అడుగుతున్నారో తెలుస్తుంది నాకు. ఫోనులో నీ గొంతు చాలా బావుంటుంది. ఎలా ఉన్నారు, నిద్ర పట్టిందా అని ముందు అడుగుతావు. అడిగి ఒక్క క్షణం ఆగుతావు కూడా, అవతలివాళ్ళు జవాబు చెబుతున్నట్టు. నేను చెప్పేదాన్ని. పెరట్లో కూర్చుని, పట్టలేదమ్మా అనో, పట్టిందనో చెప్పుకునేదాన్ని." ఆవిడ ఒళ్ళోని ఫోను పక్కన పెట్టింది. "ఇంట్లో నువ్వలా అడగవు. పోలీసుల్లా కాళ్ళు చూపించు, ఎన్ని తిన్నావు, ఎందుకు నడవలేదు అంటావు. నేను తప్పు చేసినదాన్నా? అందుకే ఆ ఫోనులో కోడల్నే ఉంచుకున్నాను."

కోడలు కుర్చీ లాక్కుని మంచానికి దగ్గరగా కూర్చుంది. అయిదు వేల మందికి రోజూ అంత తేలిగ్గా అనే మాట ఒక్క మనిషి కళ్ళలోకి చూస్తూ అనడానికి ఇంత కష్టమా అనిపించింది.

"ఎలా ఉన్నారత్తయ్యా?" అంది. "రాత్రి నిద్ర పట్టిందా?"

అడిగి ఆగింది.

అత్తగారు ఆమె మొహంలోకి చూసింది, నిజంగా అడుగుతోందా అన్నట్టు. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టింది. "ఎక్కడ పట్టింది. ఆ పక్క మంచం ఆవిడ గురక పెట్టి చంపేసింది. కాస్త కన్నంటుకునేసరికి సూది పొడవడానికి నర్సు వచ్చింది. తర్వాత ఎంతసేపటికీ నిద్ర రాక మీ మామగారు గుర్తొచ్చారు. ఆయనకీ చివర్లో ఇలాగే ఆయాసమొచ్చేది. ఎవరికీ చెప్పలేదు గానీ, నాకు చాలా భయమేసిందే. పెరట్లో ఊపిరి అందనప్పుడు ఇక నిన్ను చూడనేమో అనుకున్నాను."

మంచినీళ్ళు, దిళ్ళు, పడుకునే తీరు, ఊపిరి తీసుకునే పద్ధతి, సలహాలన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి కోడలికి. అన్నీ మింగేసి, అత్తగారి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"తర్వాత?" అంది.